కోడి

మనిషి పెంచే పక్షుల్లో సంఖ్య రీత్యా కోడిదే మొదటి స్థానం. ఏ రోజు లెక్క తీసినా ప్రపంచంలో బతికున్న కోళ్లు 2,000 కోట్లకు పైనే ఉంటాయి. శాస్త్రనామం గాలస్ గాలస్ డొమెస్టికస్. నెమలి, కౌజు, కంజు, టర్కీ కోడి కూడా ఉన్న ఫాసియానిడే కుటుంబానికి చెందుతుంది. మగది పుంజు, ఆడది పెట్ట. పగలు నేల గీరి మేస్తుంది, పొద్దు వాలగానే ఎత్తయిన చోటు చూసుకుని పడుకుంటుంది. గద్దను చూసి దాక్కునే అడవి పక్షి అలవాట్లివి. పెంపకం కోడి ఒంటిని గుర్తుపట్టలేనంతగా మార్చింది గాని, నడతను పెద్దగా మార్చలేకపోయింది. కోడి గురించి తెలిసిన విషయాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

పుట్టుక

గాలస్ ప్రజాతిలో నాలుగు అడవికోళ్లున్నాయి: ఎర్ర అడవికోడి, బూడిదరంగు అడవికోడి, శ్రీలంక అడవికోడి, జావా ప్రాంతపు ఆకుపచ్చ అడవికోడి. పెంపుడు కోడికి ప్రధాన మూలం ఎర్రది. భారత ద్వీపకల్పంలో ఎర్ర, బూడిద అడవికోళ్ల మధ్య స్థూలంగా గోదావరి సరిహద్దు. తూర్పు కనుమల ఉత్తర భాగంలో ఎర్రది, దక్షిణాన బూడిదది కనిపిస్తాయి. పెంపుడు కోడిలో బూడిద అడవికోడి వాటా కూడా కొంత ఉంది. చాలా జాతుల కోళ్ల కాళ్లకు, చర్మానికి ఉన్న పసుపు రంగు జన్యువు అక్కడి నుంచే వచ్చిందని 2008లో తేలింది.

కోడిని మొదట సింధు లోయలో మచ్చిక చేశారని చాలాకాలం అనుకున్నారు. 2020లో 863 పక్షుల జన్యుక్రమాలను పోల్చి చూసినప్పుడు, నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్‌లలో తిరిగే ఎర్ర అడవికోడి ఉపజాతే పెంపుడు కోడికి అతి దగ్గరిదని తెలిసింది. పెంపుడు కోడివేనని సందేహం లేకుండా చెప్పగలిగిన ఎముకల్లో అత్యంత పాతవి మధ్య థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్ తవ్వకాల్లో దొరికాయి. వాటి కాలం క్రీ.పూ. 1650–1250. 2022లో ఈ లెక్క వేసిన పరిశోధకులు దాన్ని మెట్ట వరి సాగుతో ముడిపెట్టారు. అడవిని కొట్టి వరి, చిరుధాన్యాలు పండించిన చోట రాలిన గింజల కోసం అడవికోళ్లు చేరాయని, మనిషి వాటిని వెతుక్కుంటూ వెళ్లలేదని వారి వాదన. వడ్లు ఆరబోసిన కళ్లంలో కోళ్లను అదిలించిన వాళ్లెవరికైనా ఈ వాదన నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది.

ఒంటి నిర్మాణం

తలమీది ఎర్రటి తురాయి, గదవ కింద వేలాడే తోలు మడతలు కోడికి ప్రత్యేకమైన గుర్తులు. పల్లెల్లో తురాయిని జుట్టు అనే అంటారు. రెంటిలోనూ రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. కోడికి చెమట గ్రంథులు లేవు కాబట్టి ఎండాకాలంలో ఒంటి వేడి కొంత వీటి గుండా బయటికి పోతుంది. అదీ చాలకపోతే ముక్కు తెరిచి ఎగరొప్పుతుంది, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుంటుంది. కోడి సహజ ఉష్ణోగ్రతే 41 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉంటుంది. మే నెల వడగాడ్పులకు షెడ్లలో కోళ్లు గుంపులుగా చనిపోవడానికి కారణం, చల్లబడే దారులు ఇంత తక్కువగా ఉండటమే.

తురాయి మగ హార్మోను ప్రభావంతో పెరుగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ బెర్తోల్డ్ 1849లో పుంజుపిల్లల వృషణాలు తీసేస్తే తురాయి పెరగలేదు, కూత రాలేదు, పోట్లాటా మానేశాయి. వృషణాన్ని కడుపులో మరోచోట అతికిస్తే అన్నీ తిరిగి వచ్చాయి. నరాలతో సంబంధం లేకుండా రక్తం ద్వారా ఏదో పదార్థం పనిచేస్తోందని ఆయన గ్రహించాడు. హార్మోన్ల శాస్త్రానికి ఇది తొలి ప్రయోగాల్లో ఒకటి.

ఈకల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. పుంజు మెడ మీది పొడవాటి మెరిసే ఈకలు, వంపు తోక రావడానికి మగ హార్మోను అవసరం లేదు. ఆడ హార్మోను లేకపోతే చాలు. పెట్టలో సాధారణంగా ఎడమ అండాశయం ఒక్కటే ఎదుగుతుంది. రోగం వల్ల అది చెడిపోతే, నిద్రాణంగా ఉన్న కుడి గ్రంథి కొన్నిసార్లు వృషణంలా మారుతుంది. అప్పుడు పెట్టకు పుంజు ఈకలు, పెద్ద తురాయి వస్తాయి, కూయడం కూడా మొదలెడుతుంది. పెట్ట కూస్తే అరిష్టమని కోసేసే ఇళ్లలో, చాలాసార్లు కోసింది పాపం ఒక రోగిష్టి పక్షిని.

పళ్లు లేవు. మేసిన గింజ ముందు మెడ అడుగున ఉన్న మేతసంచిలో నిలవుంటుంది. సాయంత్రం కోడిని చేత్తో తడిమితే కడుపు నిండిందో లేదో ఆ సంచి చెబుతుంది. అక్కడి నుంచి జీర్ణరసాలు ఊరే చిన్న జఠరానికి, ఆ తర్వాత కందనకాయకు వెళుతుంది. కందనకాయ మందపాటి కండరంతో చేసిన తిరగలి. కోడి ఏరుకు మింగిన ఇసుక, చిన్న రాళ్లే అందులో రాయి పని చేస్తాయి. మూత్రాశయం లేదు. నత్రజని వ్యర్థం యూరిక్ ఆమ్లంగా మారి పెంట మీద తెల్లటి పూతగా కనిపిస్తుంది. పెంట, గుడ్డు, వీర్యం అన్నిటికీ వెలుపలి ద్వారం ఒకటే.

ఊపిరితిత్తులు ఉబ్బవు, ముడుచుకోవు. వాటికి అనుసంధానంగా ఒళ్లంతా పరుచుకున్న తొమ్మిది గాలి సంచులు తిత్తులుగా పనిచేసి గాలిని ఒకే దిశలో ఊపిరితిత్తుల గుండా తోస్తాయి. కొన్ని ఎముకల బోలులోకి కూడా ఈ సంచులు చొచ్చుకుపోతాయి. విభాజక పటలం లేదు. రొమ్ము ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. కోడిపిల్లను పిడికిట్లో గట్టిగా పట్టుకుంటే ముక్కు తెరిచే ఉన్నా ఊపిరాడక చనిపోయేది ఇందుకే. పిల్లలకు కోడిపిల్లను అందించేటప్పుడు ఇది చెప్పాల్సిన మాట.

రొమ్ము మాంసం తెల్లగా, కాలి మాంసం ముదురుగా ఉండటం కూడా బతుకు తీరు వల్లే. రోజంతా నడిచే కాళ్లకు ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ ఎక్కువ కావాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒక్క ఊపున చెట్టు మీదికి ఎగరడానికే పనికొచ్చే రొమ్ము కండకు అది అంతగా అక్కర్లేదు.

చూపు, రుచి

కోడి మనకంటే ఎక్కువ రంగులు చూస్తుంది. మన కంట్లో రంగుల కణాలు మూడు రకాలైతే కోడికి నాలుగు. అతినీలలోహిత కాంతి కూడా దానికి కనబడుతుంది. ప్రతి రంగు కణానికీ నూనె బొట్టు ఒకటి వడపోతగా ఉంటుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో దాదాపు 300 డిగ్రీల మేర తల తిప్పకుండానే చూడగలదు. రెండు కళ్లూ ఒకే పని చేయవు. రాళ్లలోంచి గింజను ఏరడానికి కుడికన్ను, పైనుంచి గద్ద వస్తోందేమో కనిపెట్టడానికి ఎడమకన్ను ఎక్కువగా వాడుతుంది. మసక వెలుతురులో మాత్రం ఈ కళ్లు ఎందుకూ కొరగావు. పొద్దు వాలుతుండగానే పిలవకుండా గూటికి చేరడం, చీకట్లో బావురుపిల్లి వచ్చినా పారిపోకుండా గూట్లోనే ముడుచుకోవడం ఈ లోపం వల్లే.

తీపిని గుర్తించే గ్రాహకం జన్యువు కోళ్లలో లేదు. మిరపకాయ మంట కూడా వాటికి తెలియదు. ఆ మంటను పసిగట్టే నాడీ గ్రాహకం పక్షుల్లో మిరపలోని క్యాప్సైసిన్‌కు స్పందించదు. కల్లంలో ఆరబోసిన ఎండుమిర్చి గింజలను కోళ్లు నింపాదిగా ఏరుకు తింటుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

గుడ్డు

పెట్ట శరీరం మొత్తం గుడ్డు చుట్టూ అల్లుకుని ఉంటుంది. అండాశయంలో వేల కొద్దీ అండాలుంటాయి. గుడ్లకొచ్చిన పెట్టలో ఒక్కోసారి ఐదారు పచ్చసొనలు పరిమాణంలో ఒకదాని తర్వాత ఒకటిగా వరసలో ఉంటాయి. కోడిని కోసినప్పుడు కనిపించే పచ్చసొనల గుత్తి అదే. అన్నిటికన్నా పెద్దది విడివడి అండవాహికలోకి జారుతుంది. గరాటులా ఉన్న మొదటి భాగంలో అది ఉండేది పావుగంట నుంచి అరగంట. పుంజు బీజం కలిస్తే అక్కడే కలవాలి. తర్వాతి భాగంలో మూడు గంటలపాటు తెల్లసొన చేరుతుంది. ఆ పైన గంటకు పైగా రెండు పలుచని పొరలు తయారవుతాయి. చివరికి పెంకు గ్రంథిలో దాదాపు ఇరవై గంటలు ఉంటుంది.

పెంకు చాలామటుకు కాల్షియం కార్బొనేట్. ఒక్కో పెంకుకు రమారమి రెండు గ్రాముల కాల్షియం పడుతుంది. పెంకు పని ఎక్కువగా రాత్రిపూట, అంటే కోడి ఏమీ తినని వేళ సాగుతుంది. ఇందుకోసం పెట్టలకు కాలి ఎముకల బోలులో మరో రకం ఎముక ఉంటుంది. పగలు అందులో కాల్షియం చేరుతుంది, రాత్రి కరిగి రక్తంలోకి వస్తుంది. పెట్టలు సాయంత్రం పూట సున్నపురాయి ముక్కలు, నత్తగుల్లలు ఇష్టంగా తినడం పరిశీలకులు గమనించారు. మేతలో సున్నం చాలకపోతే వచ్చేది తోలుగుడ్డు. ఏడాదికి 300 పైగా గుడ్లు పెట్టే లేయర్ కోడి తన ఎముకలను అరగదీసుకునే పెడుతుంది. వయసు మళ్లిన లేయర్లలో ఎముకలు విరగడం మామూలే.

మొత్తం ప్రయాణానికి 24 నుంచి 26 గంటలు. గుడ్డు పెట్టిన అరగంటకు తర్వాతి అండం విడుదలవుతుంది కాబట్టి ప్రతిరోజూ గుడ్డు కాస్త ఆలస్యంగా వస్తుంది. అండం విడుదలకు కావాల్సిన హార్మోను మాత్రం రోజులో కొన్ని గంటల్లోనే ఊరుతుంది. జారి జారి ఆ వేళ దాటిపోగానే పెట్ట ఒక రోజు నాగా పెట్టి, మళ్లీ పొద్దున్నే మొదలెడుతుంది. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉంటే గుడ్లు బాగా వస్తాయి. ఫారాల్లో తెల్లవారుజామునే బల్బులు వేసేది అందుకు.

గుడ్డుకు పుంజు అక్కర్లేదు, పిల్లకే కావాలి. పుంజుకు బయటికి కనిపించే జననాంగం లేదు. ద్వారాలు రెండూ క్షణకాలం ఆనితే చాలు. పెట్ట అండవాహికలోని సన్నని గొట్టాల్లో వీర్యం దాచుకుంటుంది. పుంజును వేరు చేశాక కూడా రెండు వారాల వరకు పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు. అంతస్తు తక్కువ పుంజు బలవంతంగా ఎక్కితే దాని వీర్యాన్ని పెట్ట వెంటనే బయటికి నెట్టేస్తుందని 2000లో ప్రచురితమైన పరిశోధన చూపింది. పిల్ల ఆడా మగా తేల్చేది తల్లి: పుంజుకు రెండు జడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ. కోలగా ఉన్న గుడ్డు పుంజవుతుందనే మాటకు ఆధారం లేదు.

గుడ్డు రంగు పెట్ట జాతిని బట్టి వస్తుంది. గోధుమరంగు పెంకు గుడ్డులో పోషకాలు ఎక్కువని సంతలో పెట్టే అదనపు ధర పెంకు రంగుకు కాదు, నమ్మకానికి. దక్షిణ అమెరికాకు చెందిన అరౌకానా జాతి నీలి గుడ్లు పెడుతుంది. ఎప్పుడో జన్యువుల్లో చేరిన ఒక వైరస్ ముక్కే ఆ నీలానికి మూలం.

పొదుగు

కొన్ని గుడ్లు చేరాక పెట్టలో ప్రొలాక్టిన్ హార్మోను పెరుగుతుంది. మేత తగ్గిస్తుంది, రొమ్ము ఈకలు రాల్చి వెచ్చని చర్మం గుడ్లకు ఆనిస్తుంది, దగ్గరికి వెళితే ఈకలు నిక్కబొడుచుకుని మూలుగుతుంది. పొదుగుకొచ్చిన పెట్ట గుడ్లు పెట్టదు. అందుకే వ్యాపార జాతుల నుంచి ఈ గుణాన్ని తరతరాల ఎంపికతో దాదాపు తుడిచేశారు. నాటుకోడికి అది చెక్కుచెదరలేదు. బాతు గుడ్లు, కంజు గుడ్లు కింద పెట్టినా పొదిగి పిల్లలను లేపుతుంది.

పొదుగు 21 రోజులు. గుడ్డుకు దాదాపు 37.5 డిగ్రీల వేడి తగలాలి. పెట్ట రోజుకు ఎన్నోసార్లు గుడ్లు తిప్పుతుంది. లేకపోతే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుపోతుంది. మూడో రోజుకల్లా గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. గుడ్డులో ఎర్రటి చుక్క ఎగిరెగిరి పడటాన్ని అరిస్టాటిల్ రాసిపెట్టాడు. చివరి రెండు రోజుల్లో పిల్ల గుడ్డు మొద్దువైపున్న గాలి గదిలోకి ముక్కు దూర్చి మొదటి ఊపిరి పీలుస్తుంది. పెంకులోంచే కీచుమంటుంది, తల్లి బదులిస్తుంది. ముక్కు కొసనున్న గట్టి మొనతో పెంకు చీల్చుకుని వస్తుంది. ఆ మొన కొద్ది రోజుల్లో ఊడిపోతుంది.

పుట్టే ముందు మిగిలిన పచ్చసొనను పిల్ల కడుపులోకి లాక్కుంటుంది. దాంతో రెండు మూడు రోజులు తిండి లేకున్నా బతుకుతుంది. ముందు లేచిన పిల్లలు మిగతా గుడ్లు పగిలే వరకు ఆగడానికి ప్రకృతి చేసిన ఏర్పాటిది. ఒక్కరోజు పిల్లలను డబ్బాల్లో వేసి దూరాలకు పంపే హేచరీ వ్యాపారం దీని మీదే నిలబడింది.

పుట్టిన కొన్ని గంటల్లో ఎదుట కదిలినదాన్ని పిల్ల తల్లిగా గుర్తు పెట్టుకుంటుంది. ఇంగ్లండ్‌లో డగ్లస్ స్పాల్డింగ్ 1870లలోనే దీన్ని కోడిపిల్లల మీద పరీక్షించి చూపాడు. తల్లి శ్రద్ధ కూడా కొలతకు అందింది: బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో 2011లో పిల్లల మీదికి గాలి ఊది కాస్త కంగారు పెడితే, చూస్తున్న తల్లి గుండె వేగం పెరిగింది.

గుంపు బతుకు

కోళ్ల గుంపులో ఎవరు ఎవరిని పొడవవచ్చో ఒక వరస ఉంటుంది. నార్వేకు చెందిన తోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె చిన్నప్పటి నుంచి కోళ్లను చూస్తూ రాసుకున్న లెక్కల నుంచి 1921లో ఈ సంగతి లోకానికి తెలిసింది. పై పెట్ట అందరినీ పొడుస్తుంది, దాన్ని ఎవరూ పొడవరు. అడుగునున్నది అందరి చేతా పొడిపించుకుంటుంది. వరస ఒకసారి తేలాక పోట్లాటలు తగ్గుతాయి. కొత్త కోడిని గంపలో వదిలిన రోజున మళ్లీ మొదలవుతాయి. కోళ్లు ఒకదాన్నొకటి ముఖ్యంగా తల, తురాయి చూసి పోల్చుకుంటాయి. వేల కోళ్లున్న షెడ్డులో అన్నిటినీ గుర్తుపెట్టుకోవడం కుదరదు. అక్కడ పేరుపేరునా వరస ఉండదు, తురాయి పెద్దగా ఉన్నదానికి దారి ఇవ్వడమే ఉంటుంది.

పుంజు కేవలం వెలుతురు చూసి కూయదు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో పుంజులను రాత్రీపగలూ ఒకే మసక వెలుగులో ఉంచినా, ఒంట్లోని గడియారం ప్రకారం వేళకే కూశాయి. గుంపులో మొదట కూసే హక్కు అందరికన్నా పై అంతస్తు పుంజుది. మిగతావి వరస ప్రకారం అందుకుంటాయి. పైదాన్ని తీసేస్తే రెండోది మొదలెడుతుంది. కూసేటప్పుడు ముక్కు పూర్తిగా తెరవడంతో చెవి గొట్టం మూసుకుపోతుంది కాబట్టి సొంత కూత దాని చెవిని చెరపదు.

కూత ఒక్కటే కాదు, రెండు డజన్ల దాకా వేర్వేరు పిలుపులను పరిశోధకులు నమోదు చేశారు. పైనుంచి గద్ద వస్తే ఒక సన్నని కేక, నేల మీద కుక్కో ముంగిసో కనిపిస్తే దానికి భిన్నమైన గోల. మొదటి కేకకు పెట్టలు కదలకుండా నక్కుతాయి, రెండోదానికి నిటారుగా నిలబడి చుట్టూ చూస్తాయి. గద్ద కేక పుంజు ఒంటరిగా ఉన్నప్పుడు దాదాపు వేయదు, పక్కన వినేవాళ్లుండాలి. మంచి మేత దొరికితే తాను తినకుండా ముక్కుతో ఎత్తి పడేస్తూ పెట్టలను పిలుస్తుంది. ఏమీ లేకున్నా పిలిచి దగ్గరికి రప్పించుకునే పుంజులూ ఉన్నాయి. అలాంటి పుంజు పిలుపును పెట్టలు క్రమంగా లెక్కచేయడం మానేస్తాయి.

మట్టి స్నానం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పొడి మట్టిలో గుంట చేసుకుని, ఈకల్లోకి దుమ్ము ఎగజిమ్ముకుని, దులుపుకుంటే పాత జిడ్డు, పురుగులు పోతాయి. మట్టి ముఖం ఎరగని, తీగ నేల మీదే పెరిగిన కోడి కూడా ఖాళీ తీగల మీద పడుకుని అవే కదలికలు చేస్తుంది. గుడ్డు పెట్టే ముందు మరుగైన చోటు వెతకడం కూడా అంతే. అండం విడుదలైనప్పటి హార్మోన్లే ఆ తపన పుట్టిస్తాయి కాబట్టి, గూడు లేని పంజరంలో పెట్ట గుడ్డు వచ్చేదాకా అటూ ఇటూ తచ్చాడుతుంది. గీరడానికి నేల లేని కోళ్లు పక్కవాటి ఈకలు పీకడం మొదలెడతాయి. దానికి విరుగుడుగా ఫారాల్లో ముక్కు కొస కత్తిరిస్తారు. ముక్కు కొసలో నరాలున్నాయి, నొప్పి తెలుస్తుంది. నేల లేని లోటును ముక్కు కోసి సరిదిద్దాలనుకోవడం అడ్డదారి అనక తప్పదు.

జాతులు

అసీల్ మన నేల జాతి. నిటారు నిలకడ, పొడుగు మెడ, బిగువైన ఒళ్లు, చిన్న తురాయి దీని లక్షణాలు. గుడ్లు తక్కువ, పొదుగు బాగు. కాకి, డేగ, సేతువ, నెమలి అంటూ ఈకల రంగును బట్టి పుంజులకు పేర్లున్నాయి. నక్షత్రం, వారం చూసి వాటి జయాపజయాలు చెప్పే కుక్కుట శాస్త్రమూ ఉంది. రంగుకు జన్యు కారణాలున్నాయి గాని గెలుపుకు వాటితో సంబంధం లేదు. పల్నాటి వీరుల కథలో బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెం రాజ్యాన్నే తలకిందులు చేస్తుంది. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కత్తి కట్టి ఆడించే పందేలు చట్ట విరుద్ధం, జరగడం మాత్రం మానలేదు.

మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కడక్‌నాథ్‌కు చర్మం, మాంసం, ఎముక పొర కూడా నలుపే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందింది. గుడ్ల పరిశ్రమకు ఆధారం ఇటలీ మూలమున్న వైట్ లెగ్‌హార్న్. బ్రాయిలర్ మూలాలు కార్నిష్, ప్లిమత్ రాక్ జాతుల సంకరంలో ఉన్నాయి. ఐదారు వారాల్లో రెండు కిలోలు తూగుతుంది. పెరట్లో పెంచడానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ ఏళ్ల తరబడి దేశంలో ముందుంది.

లేయర్ జాతి మగపిల్లలు గుడ్లకూ పనికిరావు, మాంసానికీ గిట్టవు. హేచరీల్లో వాటిని పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి దీన్ని నిషేధించింది. గుడ్డులోనే ఆడా మగా తేల్చే యంత్రాలు అక్కడి హేచరీల్లో వచ్చాయి.

రోగాలు, ప్రయోగశాల

పల్లె కోళ్లకు పెద్ద శత్రువు కొక్కెర తెగులు. 1926లో జావాలోనూ ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లోనూ, ఆ వెంటనే కుమావూఁ కొండల్లోని రాణీఖేత్‌లోనూ గుర్తించారు. టీకా ఉంది, చవక. వేయించకపోవడం వల్లే ఊళ్లకు ఊళ్లు గంపలు ఖాళీ అవుతాయి. బర్డ్ ఫ్లూ హెచ్5ఎన్1 రకం దేశంలో మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది.

వైద్యశాస్త్రం కోడికి పడ్డ రుణం చిన్నది కాదు. పాశ్చర్ బలహీనపరిచిన సూక్ష్మజీవితో మొదట టీకా తయారుచేసింది కోళ్ల కలరాకే. క్రిస్టియాన్ ఐక్‌మన్ జావాలో పాలిష్ బియ్యం తిన్న కోళ్ల కాళ్లు పడిపోవడం, తవుడు పెడితే కోలుకోవడం చూసి బెరిబెరి గుట్టు విప్పే దారి చూపాడు. పేటన్ రౌస్ 1911లో కోడి కంతి నుంచి కంతిని పుట్టించే వైరస్‌ను కనిపెట్టాడు. నోబెల్ 1966 దాకా రాలేదు. కోడి మలద్వారం దగ్గరున్న చిన్న సంచి రోగనిరోధక కణాల బడి అని బ్రూస్ గ్లిక్ 1956లో తేల్చాడు. బి-కణాల విజ్ఞానం అక్కడ మొదలైంది. 2004లో పక్షుల్లో మొదటిసారిగా పూర్తి జన్యుక్రమం చదివింది ఎర్ర అడవికోడిదే. ఫ్లూ టీకాల్లో చాలాభాగం నేటికీ పొదిగిన కోడిగుడ్లలోనే తయారవుతోంది.